ఏడీబీలో కనిపించే ఫోన్ ఫాస్ట్‌బూట్‌లోకి వెళ్లగానే మాయమవుతోంది

ప్రశ్న:
నమస్కారం. అప్‌డేట్ తరువాత నా ఫోన్ తరచూ దానంతట అదే రీస్టార్ట్ అవుతున్నందున ఫ్యాక్టరీ ఇమేజ్ (కంపెనీ ఇచ్చే అసలు సాఫ్ట్‌వేర్) ఫ్లాష్ చేయదలిచాను, అంటే ఫోన్‌లోకి మళ్లీ రాయదలిచాను. బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ చేయగానే ఆండ్రాయిడ్ కన్నా ముందు నడిచే ప్రోగ్రామ్) ఎప్పుడో అన్‌లాక్ చేశాను, డేటా బ్యాకప్ తీసుకున్నాను. విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో ఏడీబీతో (ఆండ్రాయిడ్ నడుస్తుండగా కంప్యూటర్ నుంచి ఫోన్‌కు ఆజ్ఞలు పంపే సాధనం) 'ఏడీబీ డివైసెస్' అని ఇస్తే సీరియల్ నంబరు వస్తోంది, ఫోన్ బూట్‌లోడర్ తెరకూ వెళ్తోంది. అక్కడ ఫాస్ట్‌బూట్‌తో (బూట్‌లోడర్‌లో ఉన్న ఫోన్‌కు ఆజ్ఞలు పంపే సాధనం) 'ఫాస్ట్‌బూట్ డివైసెస్' అని ఇస్తే మాత్రం ఏమీ రావడం లేదు. ఫ్లాష్ చేయబోతే 'వెయిటింగ్ ఫర్ ఎనీ డివైస్' దగ్గరే ఆగిపోతోంది. ఒక సైట్లో దొరికిన డ్రైవర్ ప్యాక్ రెండుసార్లు వేశాను. డ్రైవర్ లేకపోతే ఏడీబీ ఎలా పనిచేస్తున్నట్టు?

జవాబు 1:
ఫోన్ ఒక్కటే అయినా విండోస్ లెక్కలో అది ఒక్క పరికరం కాదండి. కేబుల్ కలిపిన ప్రతిసారీ ఫోన్ తన వెండర్ ఐడీ, ప్రోడక్ట్ ఐడీ (తయారీదారునూ పరికరాన్నీ గుర్తించే సంఖ్యలు) చెప్పుకుంటుంది. ఆండ్రాయిడ్ నడుస్తున్నప్పుడు చెప్పేది ఒకటి, బూట్‌లోడర్‌లో ఉన్నప్పుడు చెప్పేది మరొకటి కావడంతో, మొదటిదానికి కుదిరిన డ్రైవర్ రెండోదానికి తనంతట తాను అంటుకోదు. అందుకే ఏడీబీ పనిచేయడం ఫాస్ట్‌బూట్ డ్రైవర్ ఉందనడానికి రుజువు కాదు.

ఫోన్‌ను బూట్‌లోడర్ తెరమీదే ఉంచి డివైస్ మేనేజర్ తెరవండి. 'అదర్ డివైసెస్' కింద పసుపు త్రికోణంతో 'ఆండ్రాయిడ్' అని కనిపిస్తే దానిమీద రైట్ క్లిక్ చేసి, 'అప్‌డేట్ డ్రైవర్'లో కంప్యూటర్‌లోని జాబితా నుంచి ఎంచుకునే మార్గం పట్టండి. 'హ్యావ్ డిస్క్' నొక్కి, గూగుల్ యూఎస్‌బీ డ్రైవర్ ఫోల్డర్‌లోని 'ఆండ్రాయిడ్_విన్‌యూఎస్‌బీ' ఐఎన్‌ఎఫ్ ఫైలు చూపించి, 'ఆండ్రాయిడ్ బూట్‌లోడర్ ఇంటర్‌ఫేస్' ఎంచుకోండి. డ్రైవర్ సరిపోకపోవచ్చని విండోస్ హెచ్చరిస్తుంది. ఇక్కడ అవును అనవచ్చు. ఊరూ పేరూ లేని డ్రైవర్ ప్యాక్‌లు మాత్రం దయచేసి వేయకండి, వేసినవాటిని తీసేయండి.

జవాబు 2:
పై సలహాకు ముందు ఒకటి చూసుకోవాలి. డివైస్ మేనేజర్‌లో 'డివైస్ డిస్క్రిప్టర్ రిక్వెస్ట్ ఫెయిల్డ్' అని, కోడ్ 43 అని ఉంటే ఫోన్ తన ఐడీ చెప్పుకోవడమే పూర్తి కాలేదన్నమాట. ఆ స్థితిలో ఎన్ని డ్రైవర్లు మార్చినా సాధారణంగా ఫలితం ఉండదు, కేబుల్‌నూ పోర్టునూ మార్చి చూడాలి. కొన్ని ఫోన్ల బూట్‌లోడర్లు యూఎస్‌బీ 3 పోర్టుతో సరిగా మాట్లాడవు కనుక, హబ్ తీసేసి యూఎస్‌బీ 2 పోర్టుకు నేరుగా కలపండి. త్రికోణమూ రాక, ఫోన్ పేరూ రాక, కలిపినా తీసినా జాబితాలో కదలికే లేకపోతే కేబుల్‌ను అనుమానించండి. ఛార్జింగ్‌కే పనికొచ్చే కేబుళ్లలో డేటా తీగలు ఉండవు. మీకు ఏడీబీ వస్తోంది కాబట్టి తీగలు ఉన్నట్టే, పోర్టు మాత్రం మార్చి చూడండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. పసుపు త్రికోణమే కనిపించింది. డ్రైవర్ చూపించగానే సీరియల్ నంబరు వచ్చింది. అయితే ఫ్లాషింగ్ సగంలో ఫోన్ రీస్టార్ట్ అయి, తెరమీద 'ఫాస్ట్‌బూట్‌డీ' అని చూపుతూ, కంప్యూటర్‌లో మళ్లీ అదే 'వెయిటింగ్' వస్తోంది. కేబుల్ తీసేయనా?

జవాబు 1:
తీయకండి, ఆ విండో మూయకండి. ఆండ్రాయిడ్ 10తో వచ్చిన డైనమిక్ పార్టిషన్ల (ఫోన్ స్టోరేజ్‌లోని భాగాల) పద్ధతిలో సిస్టమ్, వెండర్ వంటివి 'సూపర్' అనే ఒకే పెద్ద పార్టిషన్‌లో ఉంటాయి. వాటిని విడివిడిగా రాయడానికి మీరు నడుపుతున్న ఫ్లాషింగ్ స్క్రిప్టు ఫోన్‌ను ఫాస్ట్‌బూట్‌డీలోకి పంపుతుంది. విండోస్‌కు ఇది మూడో పరికరంగా కనబడుతున్నట్టుంది. డివైస్ మేనేజర్‌లో మళ్లీ త్రికోణం ఉంటే అదే డ్రైవర్‌ను అదే విధంగా చూపించండి. ఎదురుచూస్తున్న ఆజ్ఞ ఫోన్ కనబడగానే అక్కడి నుంచే కొనసాగుతుంది.

ప్రశ్న అడిగినవారు:
త్రికోణం ఉంది. డ్రైవర్ చూపించిన వెంటనే ఆగిన చోటి నుంచే సాగి, 'ఫినిష్డ్' అని వచ్చింది. ఫోన్ ఆన్ అయింది. ఇప్పుడు బూట్‌లోడర్ లాక్ చేయవచ్చా?

జవాబు 2:
రీస్టార్ట్ సమస్య పోయిందో లేదో కొన్ని రోజులు చూశాకే ఆలోచించండి. లాక్ చేస్తే డేటా మళ్లీ చెరిగిపోతుంది. పైగా కంపెనీ ఇచ్చిన అసలు ఇమేజ్ కాక ఏ ఒక్క పార్టిషన్‌లో వేరేది ఉన్నా, లాక్ చేశాక ఫోన్ బూట్ కాకపోవచ్చు.