ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌కి కాపీ రోజూ సగంలో ఆగిపోతోంది, ఇది మూడో రాత్రి

రేపల్లె స్టూడియో, ఉదయం 6:42

అందరికీ నమస్కారం. బుర్ర వేడెక్కిపోయి రాస్తున్నాను, తప్పులుంటే ఏమీ అనుకోకండి. పెళ్ళి వీడియోలు, ఫొటోలు కలిపి 612 జీబీ ఉన్నాయి. ల్యాప్‌టాప్‌లోంచి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ పెట్టి పడుకుంటున్నాను. తెల్లారి లేచి చూస్తే సగంలో ఆగి ఉంటోంది. మొన్న 350 దగ్గర, నిన్న రాత్రి 418 దగ్గర. అంతకు ముందు రోజు ఎంతవరకు వచ్చిందో చూడలేదు, కోపంతో పీకి పడేశాను. "డివైస్ ఈజ్ నాట్ రెడీ" అని ఒక బాక్సు వస్తుంది. ట్రై ఎగైన్ కొడితే మళ్ళీ అదే.

స్లీప్ సెట్టింగ్ "నెవర్" అని ఎప్పుడో పెట్టేశాను. దయచేసి ఎవరూ మళ్ళీ అదే చెప్పకండి. డిస్క్ పోయిన నెలలో కొన్నదే. కేబుల్ కూడా మార్చాను. రాత్రి 11కి మొదలుపెట్టి ఒంటిగంట దాకా దాని ముందే కూర్చున్నాను, బుద్ధిగా నడిచింది. నేను అటు పడుకోగానే ఇటు ఆగిపోతుంది. నామీద పగబట్టినట్టుంది. ఎల్లుండి ఇంకో పెళ్ళి ఉంది, ల్యాప్‌టాప్‌లో జాగా లేదు. ఎవరైనా చెప్పండి.

పెంగ్విన్ భక్తుడు, 6:58

విండోసా బ్రో? అయితే అందులో ఆశ్చర్యం ఏముంది. లైనక్స్ వేసుకుని ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రాము వాడు. మధ్యలో ఆగినా మిగతావి మాత్రమే పంపుతుంది. నేను ఎనిమిదేళ్ళుగా వాడుతున్నా, ఒక్క రోజు ఇబ్బంది లేదు.

మదర్‌బోర్డు, 7:05

ఏ విండోస్? ఏ డిస్క్? ఏ ఫార్మాట్?

రేపల్లె స్టూడియో, 7:21

విండోస్ 10 అన్నా. డిస్క్ నల్లగా ఉంటుంది, 2 టీబీ. ఫార్మాట్ అంటే కెమెరా కార్డులేనా? అవి పెళ్ళయిన మర్నాడే ఫార్మాట్ చేసేశాను, అందులో సమస్య ఏం లేదు.

రిటైర్డ్ టెలికం, 7:30

బాబూ, ఒక్క నిమిషం ఆగు. కార్డులు చెరిపేశావా? అంటే ఆ పెళ్ళి మొత్తం ఇప్పుడు నీ ల్యాప్‌టాప్‌లో ఒక్కచోటే ఉందా? నువ్వు అడిగింది స్లీప్ గురించి, నాకు మాత్రం చెమటలు పడుతున్నాయి. కాపీ వేరు, బ్యాకప్ వేరు. మూడు ప్రతులుండాలి, రెండు రకాల పరికరాల మీద ఉండాలి, ఒకటి ఆ ఇంట్లో కాకుండా వేరేచోట ఉండాలి. 3-2-1 అంటారు దీన్ని. ఈ మాటను ప్రచారంలోకి తెచ్చిన పీటర్ క్రోగ్ కూడా అమెరికాలో ఫొటోగ్రాఫరే, మీ వృత్తివాడే. డిస్క్ పాడైతే ఇంకోటి కొంటావు. తాళి కట్టిన ముహూర్తం మళ్ళీ వస్తుందా? అప్పుడు ఆ పెళ్ళికూతురి నాన్నకి ఏం చెబుతావు?

తెలుగు మాట, 7:44

చర్చకు అడ్డు వస్తున్నందుకు క్షమించాలి. కాపీ, బ్యాకప్ అని రెండు ఆంగ్ల పదాలతో కుస్తీ పడేకంటే "నకలు", "భద్రప్రతి" అనుకుంటే తేడా దానంతటదే తెలిసిపోతుంది కదా.

పెంగ్విన్ భక్తుడు, 7:49

నకలు అరబ్బీ నుంచి వచ్చింది మాస్టారూ.

తెలుగు మాట, 7:52

వచ్చి వందల ఏళ్ళయింది. రిజిస్ట్రారు ఆఫీసులో ఇప్పటికీ నకలు అనే అంటారు. బ్యాకప్ ఎప్పుడు వచ్చింది?

రిటైర్డ్ టెలికం, 7:58

నకలు అంటే అసలు ఒకటి ఉండాలి. కార్డులు చెరిపాక ల్యాప్‌టాప్‌లో ఉన్నదే అసలు. నకలు ఇంకా పుట్టలేదు. నా బాధ అది.

మదర్‌బోర్డు, 8:10

పొద్దున చూసినప్పుడు స్క్రీన్ నల్లగా ఉందా? మౌస్ కదిపితే వచ్చిందా, పవర్ బటన్ నొక్కాల్సి వచ్చిందా?

రేపల్లె స్టూడియో, 8:26

నల్లగానే ఉంది. మౌస్ కదిపితే రాలేదు, పవర్ బటన్ నొక్కితే వచ్చింది. కానీ షట్‌డౌన్ కాలేదు, అన్నీ తెరిచినవి తెరిచినట్టే ఉన్నాయి.

మదర్‌బోర్డు, 8:28

నిద్రపోయింది.

రేపల్లె స్టూడియో, 8:31

అన్నా, నెవర్ పెట్టానని మొదటే చెప్పాను. కావాలంటే స్క్రీన్‌షాట్ పెడతా.

కుంభకర్ణ, 8:40

మూత మూసి పడుకుంటున్నారేమో? ల్యాప్‌టాప్ మూత మూస్తే ఏం చేయాలో అన్నదానికి కంట్రోల్ ప్యానెల్‌లో, పవర్ ఆప్షన్స్‌లో వేరే సెట్టింగ్ ఉంటుంది. పైన నెవర్ ఉన్నా అది దాని పని అది చేసుకుపోతుంది.

రేపల్లె స్టూడియో, 8:47

మూయలేదు. తెరిచే ఉంచాను. ఆ వెలుతురుకి మా ఆవిడ విసుక్కుంటే పైన టవల్ కప్పాను.

కుంభకర్ణ, 8:49

టవలా! వేడెక్కి చస్తుంది. కీబోర్డు మీంచి గాలి తీసుకునే మోడళ్ళు కూడా ఉంటాయి.

రిటైర్డ్ టెలికం, 8:55

వేడి అంటే గుర్తొచ్చింది. ఆ డిస్క్‌ని పరుపు మీదో గుడ్డ మీదో పెట్టి కాపీ చేయకు. లోపల పళ్ళెం నిమిషానికి 5400 సార్లు తిరుగుతూ ఉంటుంది. తిరిగేటప్పుడు కదిపినా ప్రమాదమే. మా వాడు ఒకడు కాపీ అవుతుండగా కేబుల్‌తో సహా ఈ టేబుల్ మీంచి ఆ టేబుల్ మీదికి మార్చి, మూడేళ్ళ ఫొటోలు పోగొట్టుకున్నాడు.

పెంగ్విన్ భక్తుడు, 9:02

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తోనే అయిపోయింది. ఇంకా దాన్నే పట్టుకుని వేలాడుతున్నారు. ఏది ఎందుకు నిద్రపోయిందో చెప్పే నాథుడు ఉండడు అందులో.

మదర్‌బోర్డు, 9:06

ఉంటాడు. స్టార్ట్ మీద రైట్ క్లిక్, ఈవెంట్ వ్యూయర్, విండోస్ లాగ్స్, సిస్టమ్. సోర్స్ "కెర్నల్ పవర్" ఉన్నవి చూడండి. 42 నంబరు అంటే నిద్రలోకి వెళ్ళింది. ఎన్నింటికో, కారణం ఏంటో, దాని పైనా కిందా ఏమున్నాయో రాయండి.

కుంభకర్ణ, 9:15

ఈలోగా ఒక సంగతి. స్లీప్ అంటే మామూలు కునుకు. పని అంతా ర్యామ్‌లోనే, అంటే తాత్కాలిక మెమరీలోనే ఉంటుంది, దానికి కొంచెం కరెంటు కావాలి. హైబర్నేట్ అంటే ర్యామ్‌లో ఉన్నదంతా డిస్క్ మీద రాసేసి పూర్తిగా ఆరిపోవడం. అది నా బాపతు.

తెలుగు మాట, 9:19

కుంభకర్ణుడు ఆరు నెలలకోసారి తనంతట తనే లేస్తాడు. హైబర్నేట్ అయినది బటన్ నొక్కితేగానీ లేవదు. పోలిక కుదరలేదు.

కుంభకర్ణ, 9:21

యుద్ధానికి తనంతట తనే లేచాడా సార్? ఏనుగులతో తొక్కించారు.

రేపల్లె స్టూడియో, 10:34

పెళ్ళివారి ఫోన్లతో ఆలస్యమైంది. చూశాను అన్నా. 42 ఉంది. నిన్న రాత్రి 2:25కి. కారణం దగ్గర "సిస్టమ్ ఐడిల్" అని ఉంది. కానీ కాపీ నడుస్తుంటే ఐడిల్ ఎలా అవుతుంది? దానికి ముందు 2:10కి 105 అని ఇంకోటి ఉంది, "పవర్ సోర్స్ చేంజ్" అని. అదేంటో అర్థం కాలేదు.

మదర్‌బోర్డు, 10:37

2:10కి కరెంటు పోయింది.

రేపల్లె స్టూడియో, 10:40

లేదన్నా, పోలేదు. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. ఆగితే నాకు వెంటనే మెలకువ వస్తుంది, ఈ ఉక్కలో ఎవడు పడుకుంటాడు.

మదర్‌బోర్డు, 10:41

ఇన్వర్టర్ ఉందా?

రేపల్లె స్టూడియో, 10:58

ఉంది.

అయ్యో. ఇప్పుడే మా అమ్మని అడిగాను. "రాత్రి రెండింటప్పుడు పోయి నాలుగింటికి వచ్చింది, ఇన్వర్టర్ కీచుమంది, నువ్వు గురకపెడుతున్నావు" అంది. ఫ్యాన్లు, లైట్లు ఇన్వర్టర్ మీద ఉన్నాయి. ల్యాప్‌టాప్ పెట్టిన గది ప్లగ్ దాని మీద లేదు. మొన్న కూడా 1:36కి 105, 1:51కి 42 ఉన్నాయి. సరిగ్గా పదిహేను నిమిషాలు.

మదర్‌బోర్డు, 11:03

సెట్టింగ్స్, సిస్టమ్, పవర్ అండ్ స్లీప్. అక్కడ నాలుగు గడులు ఉంటాయి. స్క్రీన్‌కి రెండు, స్లీప్‌కి రెండు. మీరు "ప్లగ్‌డ్ ఇన్" ఒక్కటే మార్చారు. "ఆన్ బ్యాటరీ పవర్" ఎంత ఉంది?

రేపల్లె స్టూడియో, 11:06

15 నిమిషాలు. నేనే దద్దమ్మని.

కుంభకర్ణ, 11:12

కాపీ నడుస్తుంటే ఐడిల్ ఎలా అన్నారు కదా. మౌస్, కీబోర్డు కదలకపోతే విండోస్ లెక్కలో మీరు లేనట్టే. ఏదైనా ప్రోగ్రాము "నన్ను ఆపొద్దు" అని విండోస్‌తో ప్రత్యేకంగా చెప్పుకోవాలి, వీడియో ప్లేయర్లు అలా చెబుతాయి. కాపీ అవుతోంది కదా, మెలకువగా ఉంటుందిలే అనుకోవద్దు. ఇక నిద్రపోయి లేచాక డిస్క్ కొత్తగా తగిలించినట్టు లెక్క, కాపీ బాక్సేమో పాత డిస్క్‌నే పిలుస్తూ ఉంటుంది. మీ నాట్ రెడీ అదే.

మదర్‌బోర్డు, 11:15

బ్యాటరీకి కూడా నెవర్ పెట్టినంత మాత్రాన సరిపోదు. ఎంతసేపు వస్తుంది?

రేపల్లె స్టూడియో, 11:17

పాతది అన్నా. నలభై నిమిషాలు వస్తే గొప్ప.

మదర్‌బోర్డు, 11:20

మరి రెండు గంటల కోతకి అది ఏ మూలకి. అడుగంటాక అదే ఆరిపోతుంది. ఇన్వర్టర్ లైను ప్లగ్‌లో పెట్టండి. 65 వాట్ల చార్జరు, ఒక సీలింగ్ ఫ్యాన్ అంత కూడా తినదు. ఇంకోటి, కాపీ స్పీడ్ ఎంత చూపిస్తోంది?

రేపల్లె స్టూడియో, 11:24

సెకనుకి 34 ఎంబీ అటూ ఇటుగా.

మదర్‌బోర్డు, 11:26

నెమ్మదిగా నడిచే పాత రకం యూఎస్‌బీ 2లో పెట్టారు. ల్యాప్‌టాప్‌కి నీలం రంగు పోర్టు ఉంటే అందులో పెట్టండి, డిస్క్‌తో వచ్చిన కేబులే వాడండి. 100 దాటుతుంది. అయిదు గంటల పని రెండు గంటల లోపు అయిపోతుంది. రాత్రి పెట్టే పనే ఉండదు.

రేపల్లె స్టూడియో, 11:31

కేబుల్ మార్చానన్నాను కదా, పాత డిస్క్ కేబుల్ పెట్టాను. సరే మారుస్తా.

పెంగ్విన్ భక్తుడు, 11:40

ఆర్‌సింక్ అయితే 418 దగ్గర నుంచే మొదలయ్యేది. అంతే చెబుతున్నా.

మదర్‌బోర్డు, 11:43

విండోస్‌లో రోబోకాపీ అనే కమాండ్ ఉంది. అదీ అంతే, ఉన్నవాటిని వదిలేసి లేనివే కాపీ చేస్తుంది. స్లాష్ ఈ (లోపలి ఫోల్డర్లతో సహా), స్లాష్ జెడ్ (ఆగిన ఫైలు ఆగినచోటు నుంచే) పెట్టండి. స్లాష్ ఆర్ 2, స్లాష్ డబ్ల్యూ 5 (5 సెకండ్లు ఆగి మళ్ళీ, అలా రెండుసార్లే) అని కూడా ఇవ్వాలి, లేకపోతే ఒక్క ఫైలు మొరాయించినా 30 సెకండ్లకోసారి చొప్పున 10 లక్షల సార్లు దాన్నే ప్రయత్నిస్తూ కూర్చుంటుంది. స్లాష్ ఎంఐఆర్ జోలికి మాత్రం పోకండి. ఇవతల లేనిదాన్ని అవతల చెరిపేస్తుంది.

రిటైర్డ్ టెలికం, 11:55

బాబూ, ఆ 350, 418 దగ్గర ఆగినప్పుడు మధ్యలో ఉన్న క్లిప్పు సగమే వచ్చి ఉండవచ్చు. సైజు చూసి వదిలేయకు. ఆ డిస్క్‌లోంచే తెరిచి, చివరి నిమిషం ఆడుతుందో లేదో చూడు. ల్యాప్‌టాప్‌లోది అప్పుడే చెరపకు. ఇంకో డిస్క్ కొని దాని మీద కూడా వేసి, మీ అత్తగారింట్లో పెట్టు.

తెలుగు మాట, 12:08

భద్రప్రతి.

రేపల్లె స్టూడియో, సాయంత్రం 5:47

అయిపోయిందండి. హాల్లో టీవీ పక్క ప్లగ్ ఇన్వర్టర్ మీదే ఉంది, అక్కడ నీలం పోర్టులో పెట్టాను. 108 చూపించింది, గంటా నలభైలో అయిపోయింది. మధ్యలో మూడింటికి కరెంటు పోయింది కూడా! డిస్క్ లైటు మినుకు మినుకుమంటూనే ఉంది, కాపీ ఆగలేదు. థ్యాంక్స్ మదర్‌బోర్డు అన్నా. అందరికీ థ్యాంక్స్. ల్యాప్‌టాప్ ఖాళీ చేసి బ్యాటరీలు చార్జింగ్ పెట్టుకోవాలి.

రిటైర్డ్ టెలికం, 5:49

ఖాళీ చేయడం అంటే? క్లిప్పులు తెరిచి చూశావా? రెండో డిస్క్ కొన్నావా?

రిటైర్డ్ టెలికం, రాత్రి 8:15

బాబూ?

కుంభకర్ణ, 9:30

ముహూర్తం బ్యాగు సర్దుకుంటూ ఉంటాడు సార్.

గోదావరి గట్టు, మర్నాడు ఉదయం 7:12

నాకూ సేమ్ ప్రాబ్లమ్ అండి. కాపీ ఆగిపోతోంది. సెట్టింగ్స్ అన్నీ కరెక్ట్‌గానే ఉన్నాయి. అర్జెంటు, ప్లీజ్.

మదర్‌బోర్డు, 7:20

ఏ విండోస్? ఏ డిస్క్?

గోదావరి గట్టు, 7:26

మ్యాక్ అండి.