ఫ్రీఫాల్‌లో తీసిన ఫోటోలకు మాత్రమే ఎడమ సగం మసక

హెల్మెట్‌పై అమర్చిన ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరాతో, 16 మి.మీ. లెన్స్‌తో తోటి స్కైడైవర్ల ఫోటోలు తీస్తున్నాను. సుమారు 4,000 మీటర్ల ఎత్తున విమానం తలుపు దగ్గర తీసినవి, పారాచూట్ విచ్చుకున్నాక తీసినవి స్పష్టంగానే ఉంటున్నాయి; మధ్యలో గంటకు దాదాపు 190 కిలోమీటర్ల వేగంతో పడే ఆ ఫ్రీఫాల్ నిమిషంలో తీసినవి మాత్రం, ఎదుటి మనిషి రెండు మీటర్ల దూరంలోనే ఉన్నా, ఎడమ సగం మసకగా వస్తున్నాయి.

ఆటోఫోకస్ ఆపి, ఎఫ్/8 వద్ద ఫోకస్‌ను 1.5 మీటర్లకు పెట్టి, రింగును టేపుతో బిగించాను. షట్టర్ వేగాన్ని 1/500 నుంచి 1/2000కు పెంచాను, కుదుపులను సరిచేసే స్టెబిలైజేషన్ ఆపాను, లెన్స్ ముందుండే హుడ్ (నీడ తొడుగు) తీసేశాను. ఫలితం మారలేదు. అద్దంపై చెమ్మ కూడా లేదు (మొదట అనుమానించింది దాన్నే).

గాలి ఒత్తిడికి లెన్స్, కెమెరాకు బిగించే మౌంట్ వద్ద పక్కకు ఒరుగుతోందా, లేక లెన్స్ లోపలి గాజు కదులుతోందా అన్నది మళ్లీ దూకకుండా నేలపైనే తేల్చుకునే పరీక్ష ఏమిటి?