ఫారమ్‌లో కొట్టిన ఫోన్ నంబర్లన్నీ 2147483647 అయిపోతున్నాయి, ఎందుకు?

కావలి_కుర్రోడు:
అన్నలూ, అల్లూరు పక్కన మా మామ హ్యాచరీకి సీడ్ (చెరువులో వదిలే పిల్ల) బుకింగ్ పేజీ ఒకటి చేసి పెట్టా. రైతు పేరు, ఊరు, ఫోను, ఎన్ని లక్షల పిల్ల కావాల, ఏ తేదీకి కావాల, అంతే. పీహెచ్‌పీలో రాశా, డేటాబేస్ మైఎస్‌క్యూఎల్, షేర్డ్ హోస్టింగ్. టేబుల్లోకి ఇన్సర్ట్ అవతా ఉంది, ఎర్రరేం రావట్లా, కానీ పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో (టేబుళ్ళు చూసుకునే పేజీ) చూస్తే ఫోన్ కాలమ్ మొత్తం 2147483647, ఇందుకూరుపేట రైతుకీ అదే, కోట రైతుకీ అదే. పేరు ఇంగ్లీషులో కొట్టినోళ్ళది బానే ఉంది, తెలుగులో కొట్టినోళ్ళది అంతా ప్రశ్న గుర్తులు. కొన్ని బుకింగులు రెండేసి సార్లు పడ్డాయి. మామేమో "నోట్‌బుక్కే నయంరా అబ్బయా" అని మొదలుపెట్టాడు. ఎట్టా సరిచేయాల?

ఒంగోలు_గిత్త:
ఫోన్ కాలమ్ ఇంట్ (పూర్ణాంకాల రకం) పెట్టుంటావు తమ్ముడూ. ఇంట్‌లో పట్టే పెద్ద నంబరే ఆ 2147483647, మన మొబైల్ నంబర్లేమో 6, 7, 8, 9తో మొదలయ్యే పదంకెలు, ఒక్కటీ అందులో పట్టదు, పట్టనిదాన్ని తెచ్చి ఆ పెద్ద నంబరు దగ్గరే ఆపేస్తది. కొందరు బిగ్‌ఇంట్ (ఇంకా పెద్ద అంకెలు పట్టేది) పెట్టమంటారు, వద్దు. ఫోన్ నంబర్లని కూడతామా, తీసేస్తామా? ఎవరో ఒకరు ముందు సున్నా కొడతారు, ఇంకొకరు ప్లస్ 91 కొడతారు, అంకెల కాలమ్‌లో ఆ సున్నా పోద్ది. వార్‌చార్ 15 (అక్షరాల రకం, 15 దాకా పట్టేది) పెట్టు.

ఎర్రర్ రాలేదంటే నీ హోస్టింగోళ్ళు స్ట్రిక్ట్ మోడ్ ఆపేసి ఉంటారు. మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచి అది డిఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉంటది, ఉంటే ఇన్సర్ట్ అక్కడే ఆగి ఎర్రర్ చూపించేది, నీకు మొదటి రోజే తెలిసిపొయ్యేది. కనెక్షన్ అయిన వెంటనే ఎస్‌క్యూఎల్ మోడ్‌ని స్ట్రిక్ట్ ట్రాన్స్ టేబుల్స్ అని నువ్వే సెట్ చేసుకో. అట్టనే లక్షల కాలమ్ కూడా చూడు, అదీ ఇంట్ అయితే 2.5 అని కొట్టిన రైతుకి 3 పడతది, అర లక్ష పిల్ల ఎక్కువ తోలతాడు మీ మామ. డెసిమల్ 6,2 (చుక్క తర్వాత రెండంకెలు పట్టేది) పెట్టు.

చీరాల_బాబాయ్:
ఇంత తంటా ఎందుకయ్యా, గూగుల్ ఫారమ్ పెడితే షీట్‌లో వచ్చి పడతాయి గదా.

కావలి_కుర్రోడు:
అదే అనుకున్నా బాబాయ్, కానీ ఏ ట్యాంకులో ఎంత సీడ్ మిగిలిందో బుకింగ్ పడంగానే పేజీలో తగ్గి కనపడాలంటున్నాడు మామ, అందుకే డేటాబేస్. గిత్త అన్నా, స్ట్రిక్ట్ పెట్టంగానే ఎర్రర్ వచ్చింది, కాలమ్ మార్చా, ఇప్పుడు నంబర్లు బానే పడతన్నాయి. పాతవి వెనక్కి వస్తాయా?

పెన్నా_గట్టు:
రావు. ఫారమ్ పోస్ట్ పద్ధతిలో పంపిస్తన్నావు కాబట్టి సర్వర్ యాక్సెస్ లాగ్‌లో కూడా ఉండవు. బుకింగ్ పడ్డప్పుడల్లా మీ మామకి మెయిల్ పొయ్యేట్టు పెట్టుంటే అందులో ఎతుక్కో, లేదంటే ఊరు, పేరు చూసి ఫోన్లు చేసుకోవడమే.

తెలుగు సంగతికొస్తే, ప్రశ్న గుర్తులు పడ్డాయంటే నీ టేబుల్ లాటిన్1 అనే ఇంగ్లీషు లాంటి లిపుల పద్ధతిలో ఉంది, దాంట్లో తెలుగు అక్షరానికి చోటే లేదు. పిచ్చి పిచ్చి గీతలు పడుంటే బైట్లు లోపలే ఉన్నట్టు, తిప్పుకోవచ్చు, ప్రశ్న గుర్తు పడితే మాత్రం అసలుది పోయినట్టే. టేబుల్‌ని యూటీఎఫ్8ఎంబీ4కి (అన్ని భాషల అక్షరాలూ పట్టే పద్ధతి) మార్చు, పీహెచ్‌పీలో కనెక్షన్ క్యారెక్టర్ సెట్ కూడా అదే పెట్టు, రెండిట్లో ఏ ఒక్కటి మర్చిపోయినా మళ్ళీ గోలే. ఉత్త యూటీఎఫ్8 అని ఇంకోటి కనపడతది, అందులో ఒక అక్షరానికి 3 బైట్లే, తెలుగుకి చాలద్ది గానీ ఎవడన్నా పేరు పక్కన ఎమోజీ పెట్టాడంటే దానికి 4 కావాల.

పేరు కాలమ్ 20 పెట్టుంటే 100 చెయ్యి. మనకి "శ్రీ" అనేది ఒక అక్షరం, డేటాబేస్‌కి శ, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిపి నాలుగు. నెల్లూరోళ్ళ ఇంటిపేరుతో సహా రాస్తే 20 ఏ మూలకి? పీహెచ్‌పీలో పొడవు చూసేటప్పుడు కూడా ఉత్త స్ట్రలెన్ వాడబాకు, అది బైట్లు లెక్కపెడతది, "శ్రీ"కి 12 అంటది. ఎంబీ స్ట్రలెన్ వాడు.

ఒంగోలు_గిత్త:
ఇంకోటి అడగాల, క్వెరీ ఎట్టా రాశావు? స్ట్రింగ్‌లో చుక్క పెట్టి పోస్ట్‌లో వచ్చినదాన్ని అట్టనే అతికిస్తన్నావా?

కావలి_కుర్రోడు:
అవునన్నా, వీడియోలో అట్టనే చూపించారు.

ఒంగోలు_గిత్త:
ఆ వీడియోలన్నీ పాతవి, కొన్నిట్లో మైఎస్‌క్యూఎల్ క్వెరీ ఫంక్షనే ఉంటది, దాన్ని పీహెచ్‌పీ 7లో, అంటే 2015లోనే పీకేశారు. రైతు ఊరి కాలమ్‌లో పెద్దచెరువు 'బి' బిట్ అని కోట్ పెట్టి కొట్టినా నీ క్వెరీ మధ్యలో తెగిపోద్ది, కావాలని గెలికేవాడైతే టేబుల్లో ఉన్నదంతా లాగేసుకుంటాడు. పీడీవో (పీహెచ్‌పీ నుంచి డేటాబేస్‌తో మాట్లాడే పద్ధతి) పెట్టుకో, క్వెరీలో విలువ రావాల్సిన చోట ప్రశ్న గుర్తు పెట్టి ప్రిపేర్ చెయ్యి, తర్వాత ఎగ్జిక్యూట్‌లో విలువలు వరసగా ఇవ్వు. అప్పుడు కోట్ పడ్డా అది ఉత్త అక్షరం కిందే లెక్క. హెచ్‌టీఎంఎల్‌లో రిక్వైర్డ్ (తప్పక నింపాలనే గుర్తు) పెట్టాం గదా అని నమ్మబాకు, అది బ్రౌజర్ వరకే, బ్రౌజర్ లేకుండా కూడా నీ పేజీకి డేటా పంపించొచ్చు. నంబరు 6 నుంచి 9లోపు అంకెతో మొదలై మొత్తం పది ఉన్నాయా అనేది పీహెచ్‌పీలో మళ్ళీ చూడాల్సిందే. ప్లస్ 91, ముందు సున్నా ఉంటే పీకేసి అప్పుడు చూడు.

రెండుసార్లు పడేదానికి, ఇన్సర్ట్ అయినాక అదే పేజీలో "ధన్యవాదాలు" అని చూపించకుండా వేరే పేజీకి రీడైరెక్ట్ చెయ్యి, రిఫ్రెష్ కొట్టినా మళ్ళీ పోదు.

పెన్నా_గట్టు:
రీడైరెక్ట్ ఒక్కటీ చాలదు అన్నా. చెరువు గట్టు మీద సిగ్నల్ ఏడ్చింది, బటన్ నొక్కితే తిరగతానే ఉంటది, రైతు మళ్ళీ నొక్కుతాడు. ఫారమ్ తెరిచినప్పుడే ఒక ర్యాండమ్ టోకెన్ (ప్రతిసారీ మారే గుర్తు) పేజీలో కనపడని హిడెన్ ఫీల్డ్‌లో పెట్టి, దాన్ని టేబుల్లో యూనిక్ చెయ్యి, అంటే అదే విలువ రెండోసారి పట్టకూడదు. రెండోది వచ్చినప్పుడు డేటాబేసే తోసేస్తది, నువ్వు ఆ ఎర్రర్ పట్టుకుని "మీ బుకింగ్ ముందే అందింది" అని చూపించు. ఫోన్ నంబర్ని యూనిక్ చేయబాకు, ఒకే రైతు రెండు చెరువులకి విడిగా బుక్ చేస్తాడు.

కావలి_కుర్రోడు:
టోకెన్ పెట్టా, పనిచేస్తంది. ఇంకొక్కటి, తెల్లారి 4 గంటలకి చేసిన బుకింగ్ ముందు రోజు తేదీతో చూపిస్తంది ఎందుకని?

పెన్నా_గట్టు:
సర్వర్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) నడస్తా ఉంటది, మనకి ఐదున్నర గంటలు వెనక. కనెక్ట్ అయినాక టైమ్ జోన్ ప్లస్ 05:30 అని సెట్ చెయ్యి, పీహెచ్‌పీలో ఏషియా కోల్‌కతా పెట్టు. పాత వరసల్లో ఆ కాలమ్ డేట్‌టైమ్ అయితే మాత్రం ఐదున్నర గంటలు నువ్వే కలపాల, టైమ్‌స్టాంప్ అయితే దానంతటదే సరిగ్గా చూపిస్తది.