కార్డ్ టు వాలెట్: తొమ్మిది వేల పర్సు మన హైదరాబాద్‌లో పనికొస్తుందా?

ఇస్పేటాసు (దిల్‌సుఖ్‌నగర్):

అన్నలూ, ఒక పంచాయితీ తీర్చాలి. నెల కింద విదేశం నుంచి కార్డ్ టు వాలెట్ పర్సు తెప్పించుకున్నాను. ఎవరు తయారు చేశారన్నది వదిలేద్దాం, గొడవ వాళ్లతో కాదు. డ్యూటీ, కొరియర్ అన్నీ కలిపి 9,400 పడింది.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం: ఎదుటివాళ్లు ఒక ముక్క తీసి దాని మీద మార్కరుతో సంతకం పెడతారు. దాన్ని పేకలో కలిపేస్తాం. కాసేపటికి ఆ ముక్క పేకలో ఉండదు. జేబులోంచి పర్సు తీస్తే జిప్పు వేసిన అరలో అంటించిన కవరు, కవరు చింపితే అదే సంతకం. ఇలా కవరులో దొరికే రకాన్ని అమెరికా మెజీషియన్ పాల్ లీపాల్ పేరు మీద లీపాల్ వాలెట్ అంటారు.

నేను చూసినంతవరకు వస్తువు బాగుంది. మన 500 నోటు పొడవు 150 మిల్లీమీటర్లు, డాలరు నోటు 156. కాబట్టి డాలరు కోసం కుట్టిన పర్సులో మన నోటు హాయిగా పడుకుంటుంది. ముక్కలు 63 బై 88 సైజువి (పోకర్ సైజు) ఎక్కడా పట్టేయకుండా పోతున్నాయి. జిప్పు నున్నగా ఉంది.

ఇక బాధ. ఇది కోటు లోపలి జేబు కోసం చేసింది. ఎండాకాలంలో దిల్‌సుఖ్‌నగర్‌లో కోటు వేసుకుని నడిస్తే మ్యాజిక్ చూడరు, మనల్నే చూస్తారు. పైగా మా గ్రూపులో ఒకాయన "అంతా పర్సే చేస్తుంటే నువ్వేం చేస్తున్నట్టు?" అన్నాడు. రెండు రోజులుగా అదే మాట గుచ్చుకుంటోంది. ఈ పర్సు డబ్బుకి తగిందా? అసలు దేన్ని బట్టి తేల్చాలి?

రెండో జోకర్:

అదే డబ్బుకి సుల్తాన్‌బజార్‌లో యాభై రెండు పర్సులు బేరమాడి తెచ్చుకో. ఒక్కోదాంట్లో ఒక్కో ముక్క. సంతకం సంగతి తర్వాత చూద్దాం.

మోళీ మల్లన్న (మలక్‌పేట):

తమ్మీ, నీ గ్రూపాయన అన్నదాంట్ల తప్పేం లేదు.

మా చిన్నప్పుడు మొజంజాహి మార్కెట్ కాడ మోళీ కట్టెటోళ్లను చూసిన. కోటు లేదు, టేబుల్ లేదు. నేల మీద కూసుంటడు, మోచేతుల దాకా చేతులు ఖాళీగ కనబడుతయ్, సుట్టూ నాలుగు దిక్కుల జనం. ఆడ గోళీ మాయమైతే అది కనికట్టు. నీ కోటుకు ముందొక్కటే దిక్కు, ఎన్కాల గోడ ఉండాలె. గా సౌలత్ ఉన్నోనికి తొమ్మిది వేల పర్సు గూడ కావాల్నా?

ముక్కను అరచేతిల దాసుడు నాకు సరిగ్గ రానీకె రెండేండ్లు పట్టింది. అద్దం ముంగట కాదు, చాయ్ తాగుకుంట, బస్సుల నిలబడి, ఇంట్ల టీవీ చూస్కుంట. మా ఆవిడ "మీ చెయ్యికేమైంది, అట్ల పెట్టిన్రు" అని అడగని రోజు వచ్చినంకనే బయట చేసిన. ఆ రెండేండ్లు పర్సుల జిప్పుతోని రావు.

గుంటూరు కళావరు (కూకట్‌పల్లి):

మల్లన్న గారూ, మీరంటే గౌరవమే, కానీ ఈ మాట మాత్రం ఒప్పుకోనండీ. మోళీవాడి భుజాన జోలె ఉండేది కదా? అది బజార్లో దొరికే సంచీ అనుకుంటున్నారా? ఆ జోలె, ఆ గిన్నెలు, ఆ బుట్ట అన్నీ తరాలుగా కొలతలు సరిచూసుకుంటూ చేయించుకున్న సరంజామా. ఆ రోజుల్లో డ్యూటీ లేదు, అంతే తేడా.

ఇంకోటి. ఫ్రెడ్ కాప్స్ పేరు మీద కాప్స్ వాలెట్ ఉంది. మ్యాజిక్‌లో ప్రపంచ పోటీలంటే ఫిస్మ్ కదా, అందులో గ్రాండ్ ప్రీ మూడుసార్లు కొట్టిన డచ్ మనిషి ఆయన, 1950, 1955, 1961. ఆయనకి చేతివాటం చాలక (మంచి అర్థంలోనే అంటున్నా!) పర్సు పట్టుకున్నాడంటారా? చేయి బాగా తిరిగినవాడికే ఏ పని చేతితో చేయాలో, ఏది సామానుకి అప్పగించాలో తెలుస్తుంది. వంటొచ్చినవాళ్లింట్లోనే మంచి కత్తులుంటాయండీ.

డైమన్ రాణి (గచ్చిబౌలి):

మీ ముగ్గురూ ఒక విషయం గమనించలేదు. ఈ వస్తువును తయారు చేసినవాళ్ల మనసులో ఉన్నది కోటు వేసుకున్న మగవాడు. నాకు కోటు జేబు లేదు, చాలా డ్రెస్సులకు అసలు జేబే లేదు. నేను వారాంతాల్లో పుట్టినరోజు పార్టీల్లో చేస్తాను. పర్సు హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని చేసి చూశాను. బ్యాగులో చెయ్యి పెట్టగానే వెతుకుతున్నట్టు కనిపిస్తుంది, చూసేవాళ్లకి అనుమానం మొలకెత్తడానికి ఆ రెండు సెకన్లు చాలు. చివరికి మానేశాను.

అది నా ఇబ్బంది. అందరికీ వర్తించే ఇబ్బంది ఇంకొకటుంది. ఈ ఊళ్లో పర్సు తీసేదెవరు? పానీపూరీ బండి మీద కూడా క్యూఆర్ కోడ్ అంటించి ఉంది. మా ఆఫీసులో ఇరవై ఐదేళ్ల పిల్లలకు పర్సే లేదు, ఫోన్ కవరు వెనక మెట్రో కార్డు, అంతే. లీపాల్ కాలంలో మగవాడి జేబులో పర్సు ఉండటం చొక్కాకు గుండీ ఉన్నంత మామూలు. ఆ మామూలుతనం మీదే ఈ ట్రిక్ నిలబడింది. ఇప్పుడు జానెడు నల్ల పర్సు బయటికి తీస్తే, అది మామూలు వస్తువు కాదు, సామాను అయిపోతుంది. తోలెంత మంచిదైనా దీనికి మందు లేదు.

కాబట్టి ఇస్పేటాసు గారూ, బల్ల మీద పెట్టి కొలవకండి. మీ ఇంట్లో వాళ్లు, ఆఫీసువాళ్లు దాన్ని చూసి ఏమీ అడగకపోతే బాగున్నట్టు. "ఏంటిది?" అన్నారా, 9,400 పోయినట్టే.

కుట్టుపని (పాతబస్తీ):

మాది తోలు సంచుల పని. మ్యాజిక్ నాకు రాదు, మా అన్న కొడుకు కోసం ఈ గ్రూపులో ఉన్నాను. వాడు ఇలాంటిదే ఒకటి విప్పదీసి బాగుచేయమని తెస్తే చూశాను, అందుకే రాస్తున్నా.

ముందు అంచు చూడండి. మంచి పనివాడు మడత పెట్టే చోట తోలును లోపల్నుంచి పల్చగా గీస్తాడు. గీయకుండా మడిచి కుడితే పర్సు లావెక్కుతుంది, చొక్కా జేబులో ఇటుక పెట్టినట్టు. తర్వాత అస్తరు. నలుగురూ తోలు చూసి మోసపోతారు గానీ ముక్క రాసుకునేది అస్తరుకి. గరుకు గుడ్డ వేస్తే చెమట చేతులతో పెట్టిన ముక్క ఆగిపోతుంది. కుట్టు అంగుళానికి ఎన్ని పడిందన్నది కాదు, రెండు చివర్లా వెనక్కి తిప్పి ముడేశాడా లేదా చూడండి. మొదట ఊడేది అక్కడే.

ఇక మన ఊరి సంగతి. వానాకాలంలో బీరువాలో పెడితే ఒరిజినల్ తోలుకి బూజు పడుతుంది. రెక్సిన్‌కి అంతగా పట్టదు గానీ మడతలో పొట్టు లేస్తుంది. ముక్కలు కూడా తేమకి వంగుతాయి, వంగిన ముక్క ఎంత మంచి పర్సులోనైనా పట్టేస్తుంది. కొత్త తోలు బిగువు పోవాలంటే కొన్నాళ్లు వెనక జేబులో పెట్టి కూర్చోండి. వాసన కూడా పోతుంది. ఆ కొత్త వాసనే మీ గుట్టు బయటపెట్టేది.

మీ అన్న కొడుకు పర్సు విప్పితే లోపల ఏముందా అని అడిగిన వాళ్లకి: [తీసివేయబడింది]

అడ్మిన్:

పై జాబులో చివరి మూడు వాక్యాలు నేనే తీసేశాను. కుట్టుపని గారూ, మీ మీద కోపం లేదు. మిగతా జాబు ఇప్పటిదాకా ఈ చర్చలో వచ్చినవాటిలో పనికొచ్చేది. లోపలి పనితనం మాత్రం కొనుక్కున్నవాళ్లు, తయారు చేసినవాళ్లు తెలుసుకుంటే చాలు.

మోళీ మల్లన్న:

రాణమ్మ చెప్పింది కరెక్ట్. గుంటూరు సారు చెప్పింది గూడ కొంత కరెక్టే, జోలె సంగతి నాకు తట్టలే. కానీ సారూ, కాప్స్ చేయి తిరిగినంక పర్సు పట్టిండు. ఈయాల్రేపు పోరలు పర్సు కొన్నంక చేయి తిప్పుతున్నరు. ఎన్కముందైతుంది. గదే నా బాధ.

గుంటూరు కళావరు:

అది మాత్రం కాదనలేనండీ.

ఇస్పేటాసు:

మూడు వారాలు అయింది. మీరు చెప్పినవి పట్టుకుని చేసిందంతా రాస్తున్నా, కాస్త పొడుగవుతుంది.

కుట్టుపని గారి మాట ప్రకారం పది రోజులు దాని మీద కూర్చున్నాను. మెత్తబడింది. రాణి గారి మాట ప్రకారం దాన్నే నా అసలు పర్సు చేసుకున్నాను. 500 నోట్లు నాలుగు, ఆధార్ జిరాక్సు, పెట్రోల్ బంకు బిల్లులు, మా నానమ్మ ఇచ్చిన చిన్న వెంకటేశ్వరస్వామి ఫోటో. ఇంట్లో ఎవరూ "ఏంటిది" అనలేదు. అమ్మ ఒక్కతే "ఇంత లావు పర్సు నిండా బిల్లులేనా" అంది. పాసయినట్టే లెక్క వేసుకున్నా.

మొన్న కొంపల్లిలో మా కొలీగ్ చెల్లెలి రిసెప్షన్. కోటు వేసుకున్నా ఎవరూ తల తిప్పని చోటు ఇదొక్కటే కదా, అందుకే అక్కడ మొదలుపెట్టాను. ఆరు టేబుళ్లు తిరిగాను. నాలుగింట్లో బాగా పోయింది. ఒక టేబుల్లో ఆంటీ తెలుగులో గుండ్రంగా "సరోజ" అని రాసింది, కవరులోంచి అదే తీసేసరికి "ఇది నా రాతే" అని పక్కావిడ చెయ్యి గిల్లింది. ఒక టేబుల్లో చెడింది, తప్పు పర్సుది కాదు. బిర్యానీ చేతులతో పట్టుకున్న ముక్క జిడ్డుకి అతుక్కుంది. ముందు టిష్యూ ఇవ్వాలని నేనే మర్చిపోయాను.

ఆరో టేబుల్ సంగతే చెప్పాలి. ఎనిమిదేళ్ల పిల్లాడు "అంకుల్, మీకు ఫోన్‌పే లేదా?" అన్నాడు. రాణి గారూ, నమస్కారం. అందరూ నవ్వుతుండగా ఒక పెద్దాయన చేయి చాపి "ఏదీ, ఇలా ఇవ్వు" అని పర్సు లాక్కున్నాడు. నా గుండె జారిపోయింది. తెరిచాడు. ముందు కనిపించింది స్వామి ఫోటో. ఆయన చెప్పులు విప్పినంత పని చేసి, ఫోటోకి రెండు వేళ్లు తాకించి కళ్లకద్దుకుని, పర్సు మూసి రెండు చేతులతో తిరిగిచ్చాడు. ఇంకేమీ చూడలేదు.

రెండో జోకర్:

అంటే 9,400 పర్సును కాపాడింది నానమ్మ ఫోటో.

డైమన్ రాణి:

బాగా రాశారు. కానీ ఒకటి అడగాలి. మీరు ఆ ఫోటో పెట్టింది నానమ్మ కోసమా, అలా లాక్కునేవాళ్ల కోసమా? మొదటిదైతే నేనేమీ అనను. రెండోదైతే, ఆ పెద్దాయన భక్తిని మీరు అస్తరు కింద వాడుకున్నట్టు. నాకది కొంచెం ఎబ్బెట్టుగా ఉంది.

ఇస్పేటాసు:

మొదట నానమ్మ కోసమే, ఒట్టు. ఇప్పుడు తీయాలంటే మాత్రం చెయ్యి రావట్లేదు. ఎందుకో మీరే అనుకోండి.

గుంటూరు కళావరు:

నేనైతే ఉంచుతానండీ. ఎవరి పర్సులో లేడాయన?

మోళీ మల్లన్న:

ఫోటో ముచ్చట తర్వాత మాట్లాడుదాం. తమ్మీ, ఆయితారం పొద్దుగాల ఇందిరా పార్క్ కాడికి పర్సు పట్కొని రా, నేను గూడ ఒకసారి చేసి జూస్త. కోటు ఏస్కోకు.