పిల్లల పురోగతిని బట్టి ఉపాధ్యాయుడి పనితీరును నిర్ణయించవచ్చా?

కోస్గి తండ్రి: ప్రభుత్వ బడుల్లో అధికారి వచ్చినా రికార్డులు చూసి సంతకం పెడతారే తప్ప పిల్లలకు ఏం వచ్చిందో అడగరు. జూన్‌లో పిల్లవాడు ఎక్కడున్నాడు, మార్చికి ఎక్కడికి వచ్చాడు అన్నదే ఉపాధ్యాయుడి పనికి కొలత కావాలి. ఐదో తరగతి చదివే మా అబ్బాయిని, 38 కిలోల పత్తి ఏరితే కిలోకు 12 రూపాయల చొప్పున కూలి ఎంత వస్తుందని అడిగితే, రెండూ కలిపి 50 అన్నాడు.

దేవరకొండ ఎస్జీటీ (ప్రాథమిక తరగతుల టీచర్): మా తండా బడి రిజిస్టర్‌లో 24 పేర్లుంటే, పత్తి ఏరే రోజుల్లో తొమ్మిది మంది వస్తారు. విద్యా హక్కు చట్టం 27వ సెక్షన్ జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప వేరే పనులు మాకు అప్పగించవద్దంటుంది గాని, ఫోన్‌లో వివరాలు ఎక్కించడానికి పోయే పూటలకు లెక్క లేదు. బడికి రాని పిల్లవాడి మార్కులు నా ఖాతాలో వేస్తే తండాకు బదిలీ ఎవరు కోరుకుంటారు?

నకిరేకల్ నుంచి మరొకరు: 2022లో తెలంగాణ ప్రాథమిక బడుల్లో చదవడం, రాయడం, లెక్కలు నేర్పే తొలిమెట్టు కార్యక్రమం మొదలైనప్పుడు పిల్లల స్థాయిని నమోదు చేసింది పాఠం చెప్పే ఉపాధ్యాయులే. జూన్‌లో కొలిచేదీ మార్చిలో కొలిచేదీ ఒకే చెయ్యి అయితే, జూన్ మార్కులు ఎంత తగ్గుతాయో వేరే చెప్పాలా?

కోస్గి తండ్రి: రాని పిల్లల సంగతి నాకెందుకు? పత్తి ఏరింది మేము, మా వాడు రోజూ బడికే వెళ్లాడు.

దేవరకొండ ఎస్జీటీ: ఒక్క లెక్క తప్పినంత మాత్రాన గుణకారం రాదని తేల్చలేము. నోటిలెక్కలో ఎవరైనా తడబడతారు.

కోస్గి తండ్రి: పలక మీద రాయించినా 50 అనే రాశాడు. బడికి వెళ్లి అడిగితే, కూలికి పోయేవాళ్లకు ఇవన్నీ ఎందుకన్నారు. పిల్లల పురోగతిని తల్లిదండ్రులకు క్రమం తప్పక చెప్పాలని అదే చట్టం 24వ సెక్షన్‌లో ఉంది. అది మీకు గుర్తుకు రాదు. మార్కులు పక్కన పెట్టండి, మీ పనితీరు నివేదికలో మా మాటకు చోటివ్వండి.

దేవరకొండ ఎస్జీటీ: మార్కులకంటే నాకు భయం అదే. మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఎందుకు పెట్టలేదని అడిగినందుకు ఊళ్లో ఒక వర్గం నాపై ఫిర్యాదు చేసింది. రేపు నా పనిని తూచేది కూడా వాళ్లేనా? వేరే మండలం నుంచి వచ్చిన ఉపాధ్యాయుడు రెండు పూటలు నా తరగతిలో కూర్చుని రాస్తే ఒప్పుకుంటాను.

కోస్గి తండ్రి: కూర్చోనివ్వండి. కాని ఆయన రాసింది కార్యాలయానికి పోకముందు, చదువు రాని మా ఆవిడకు కూడా అర్థమయ్యేలా బడిలోనే చదివి వినిపించాలి.