జెన్నిఫర్ అంటే "తెల్ల దెయ్యం" అట, నిజమేనా?

కొత్తనాన్న: వచ్చే నెల పాపకి బాప్తిస్మం. మా ఆవిడ చిన్నప్పుడే అనుకున్న పేరు జెన్నిఫర్. మా తమ్ముడు ఎక్కడో చదివి "తెల్ల దెయ్యం" అని అర్థమట అని అమ్మ చెవిన వేశాడు. రాత్రి అమ్మ అన్నం కూడా ముట్టలేదు. "పసిబిడ్డని దెయ్యమని పిలుస్తామట్రా" అంటోంది. తెలిసినవాళ్లు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

పాతమాట: మీ తమ్ముడు సగమే చదివాడు. బ్రిటన్ పాత కథల్లోని ఆర్థర్ రాజు భార్య పేరు వేల్స్ వాళ్ల వెల్ష్ భాషలో గ్వెన్‌హ్వివర్. ఇంగ్లండ్ నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్ వాళ్ల నోట అదే జెన్నిఫర్ అయింది. "గ్వెన్" అంటే తెలుపు, శుభం కూడా. అక్కడిదాకా పేచీ లేదు. పేచీ అంతా "హ్వివర్" మీదే. పాత ఐరిష్‌లో దీనికి దగ్గరి మాటకి మాయారూపం అని అర్థం. ఐరిష్ కథల్లో మేవ్ రాణి కూతురు ఫినవర్ పేరూ ఈ రెండు మాటల జంటే.

గోదారోడు: నేనొప్పుకోను. అది "గ్వెన్‌హ్వి వౌర్", అంటే పెద్ద గ్వెన్‌హ్వి. వెల్ష్ కథల్లో ఆమె చెల్లెలు గ్వెన్‌హ్వివాఖ్, అంటే చిన్న గ్వెన్‌హ్వి. మనకి పెద వెంకమ్మ, చిన వెంకమ్మ లేరా?

పాతమాట: వినడానికి బాగానే ఉంది. కానీ పాత రాతప్రతుల్లో ఆ చెల్లెలు గ్వెన్‌హ్వియాఖ్, "వాఖ్" లేదు. అక్క పేరుకి జోడీగా తర్వాత దిద్దారనే నా అనుమానం. అయినా కొత్తనాన్న గారూ, మన "దెయ్యం" ఎక్కడిదనుకున్నారు? "దైవం" నుంచే. బ్రౌన్ నిఘంటువు తీసి చూడండి. పాత కావ్యాల్లో దయ్యమంటే దేవుడు, విధి. తర్వాతే చెట్టెక్కింది పాపం.

డాలస్‌బాబాయ్: అర్థం ఎవడు చూస్తాడండీ! 1906లో బెర్నార్డ్ షా తన నాటకంలో నాయికకి పెట్టాక ఈ పేరు కార్న్‌వాల్ దాటింది. అమెరికాలో 1970 నుంచి 1984 దాకా ఆడపిల్లల పేర్లలో ఇదే నంబర్ వన్. మా టీమ్‌లోనే ముగ్గురు, ముగ్గురికీ యాభై దగ్గర పడ్డాయి. ఇక్కడ అది ఆంటీల పేరు.

గోదారోడు: వాళ్లుండేది గుంటూరైతే ఆంటీ గొడవేంటి? పెద వెంకమ్మ మాట మాత్రం నేను వదలను.

కొత్తనాన్న: గుంటూరు కాదు, ఏలూరు. దైవం సంగతి అమ్మకి చదివి వినిపించాను. కాఫీ తాగింది. తాగి, "శుభమనే అర్థమున్నప్పుడు శుభ అని పెడితే పోలా?" అంది. ఇప్పుడు మా ఆవిడ అన్నం తినట్లేదు.