లివింగ్ పాలిమరైజేషన్‌ని తెలుగులో ఏమందాం?

పాలీఆక్సజోలిన్లు అనే పాలిమర్ల (చిన్న అణువులు వరసగా అతుక్కుని ఏర్పడే పొడవాటి గొలుసుల) మీద తెలుగులో వ్యాసం రాస్తూ ఈ మాట దగ్గర ఆగిపోయానండీ. "జీవ పాలిమరీకరణ" అంటే ఇదేదో బ్యాక్టీరియా వ్యవహారం అనుకుంటారు, జీవరసాయనం, జీవ ఎరువు అన్నిట్లోనూ జీవ అంటే బయోనే కదా. ఇక్కడ అదేం కాదు, ఎసిటోనైట్రైల్‌లో 2-ఇథైల్-2-ఆక్సజోలిన్ వేసి గొలుసు మొదలవడానికి కాస్త మిథైల్ టోసిలేట్ కలిపి వేడి చేస్తే ఒక్కో వలయం తెరుచుకుని గొలుసుకి తగులుకుంటూ పోతుంది, మోనోమర్ (గొలుసుకి తగులుకునే చిన్న అణువు) అంతా అయిపోయినా కొసన పాజిటివ్ చార్జి అలాగే కూచునుంటుంది, మళ్లీ పోస్తే మళ్లీ పెరుగుతుంది. 1956లో మైకేల్ ష్వార్ట్స్ అనే రసాయన శాస్త్రవేత్త స్టైరీన్ గొలుసుల్లో ఇలాంటిదే చూసి లివింగ్ అన్నాడు.

— సజీవ అంటే సరిపోదా? సజీవ దహనం అన్నప్పుడు ఎవరూ బయాలజీ అనుకోరుగా :)

— ఉదాహరణ భలే వెతికారు. కానీ బతికుండేది గొలుసంతా కాదండీ, కొస ఒక్కటే. కాస్త నీటి తేమ తగిలినా పోతుంది. ల్యాబ్‌లో మేం "రియాక్షన్‌ని చంపేశా" అనే అంటాం, అయితే దేంతో చంపామన్నదే అసలు సంగతి, అజైడ్‌తో చంపితే కొసన అజైడ్ మిగుల్తుంది, తర్వాత దానికి క్లిక్ కెమిస్ట్రీతో (రెండు అణువుల్ని టక్కున అతికించే పద్ధతి) మందు అణువునో రంగునో తగిలించొచ్చు. ఫంక్షనల్ పాలిమర్ అంటే ఇదే, "క్రియాత్మక" అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు, "కొక్కెమున్న పాలిమర్" అనండి హాయిగా.

— కొసనే ప్రాణం అంటే మన కొనఊపిరే!

— కొనఊపిరి అంటే పోబోతున్నట్టు, ఇదేమో ఆకలి మీదుంది.

— నాదో డౌటు, కొస బతికుందో లేదో ఎలా తెలుస్తుంది?

— రెండో విడత మోనోమర్ పోసి జీపీసీ (గొలుసుల్ని సైజుని బట్టి విడదీసి చూపే పరీక్ష) తీస్తే బతికున్న గొలుసుల పీక్ మొత్తం ఎక్కువ బరువు వైపు జరుగుతుంది, చచ్చినవి పాతచోటే చిన్న గూనులా ఉండిపోతాయి. మాల్డిలో (అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమెట్రీ పద్ధతి) అయితే పీక్‌లు 99 చొప్పున ఎడంగా వస్తాయి, అది ఒక మోనోమర్ బరువు, మిగిలిన లెక్క రెండు కొసలది. ఎంత జాగ్రత్తపడ్డా ఈ ఆక్సజోలిన్లలో చెయిన్ ట్రాన్స్‌ఫర్ (పెరిగే గుణం ఒక గొలుసు నుంచి ఇంకో అణువుకి మారిపోవడం) కొంచెం ఉంటుంది, కాబట్టి "సజీవ" అన్నా కొంత మొహమాటంతోనే అనాలి.

— ఇంకో తమాషా చూడండి. ఆక్సజోలిన్‌లో "అజ" నైట్రోజన్‌కి ఫ్రెంచి వాళ్ల పేరు అజోట్ నుంచి వచ్చింది. గ్రీకులో "అ" అంటే లేదు, "జోయే" అంటే ప్రాణం. ఆ జోయే, మన జీవ ఒకే మూలం నుంచి వచ్చినవి, అంటే అజోట్ అచ్చంగా "అజీవ"మే. ముందున్న "ఆక్స్" ఏమో మన ప్రాణవాయువు!

— అయితే వ్యాసంలో "సజీవ కొస పాలిమరీకరణ" అని పెట్టేస్తున్నా, ఈ అజీవం ముక్క ఫుట్‌నోట్‌లో వేసుకుంటా.